అయోమయ నివృత్తి సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: సమాననామములు గల గ్రామములకు నామాంతమున కుండలీకరణములు కల్పించి, వాని గర్భమున మండలమును నిలుపవలెను. అదియు చాలనిచో జిల్లాను.

అవతారిక: తెలుగు వికీపీడియాలో ఊళ్ల వ్యాసాలకు పేర్లు పెట్టే ఆచారమిది. దాని గాంభీర్యానికి తగ్గ గ్రాంథికం మాత్రం ఈ టీకాకారుడిది. 2003 డిసెంబరులో ఆ విజ్ఞానసర్వస్వం మొదలైంది. ఊరూరికీ ఒక పేజీ పెట్టేసరికి, ఊళ్లు కట్టడంలో మనవాళ్లకున్న ఓపిక పేర్లు పెట్టడంలో లేదని తేలిపోయింది. ఎక్కడ చూసినా కొత్తూరే, రామాపురమే. ఆ సంకటంలోంచి పుట్టిందీ సూత్రం.

టీక: 'గ్రామము', 'మండలము' అనేవి స్పష్టములు. 'కుండలీకరణము' కూడా స్పష్టమే, కాకపోతే దాని ముందు ఒక ఖాళీ వదలాలా వద్దా అన్నది మహాపండితులకు విడిచిపెడుతున్నాం. 'అరకులోయ' కలిపి రాయాలా, 'అరకు లోయ' అని విడదీయాలా అన్న వివాదం కూడా వారికే సమర్పితం.

ఉదాహరణ: అనంతగిరి. బొర్రా గుహలున్న మండలం అనంతగిరి. వికారాబాదు కొండలు అనంతగిరి. సూర్యాపేట జిల్లాలో ఇంకో మండలం అనంతగిరి. ముగ్గురినీ ఒకచోట నిలబెట్టి ఎవరు ఎవరో చెప్పే పుటకు వికీలో 'అయోమయ నివృత్తి' అని పేరు.

ఇక్కడ టీకాకారుడు ఆగక తప్పదు. అయస్సు అంటే ఇనుము. అయస్కాంతంలో ఉన్నది అదే. 'అయోమయం' అంటే సంస్కృతంలో ఇనుముతో చేసినది. కాబట్టి అయోమయ నివృత్తి అంటే ఇనుప వస్తువులను వదిలించుకోవడమని శాస్త్రార్థం. ఇది అరకుకు వర్తించినట్టు భూమండలంలో మరెక్కడా వర్తించదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు ఎగుమతి చెయ్యాలని 1960లలో కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ దాకా రైలుమార్గం వేశారు. లైనంతటా 58 సొరంగాలు. బొడ్డవర, శివలింగపురం, ట్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస దాటుకుని రైలు శిమిలిగుడకు ఎక్కుతుంది. సముద్రమట్టానికి సుమారు 996 మీటర్లు. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అన్నిటికన్నా ఎత్తయినదిగా ఒకప్పుడు దానికి పేరు. అద్దాల పెట్టెలో కూర్చుని ఫొటోలు తీసుకునే పర్యాటకులకు ఎదురుగా ఈ కొండల్లోంచి నిత్యం అయోమయ నివృత్తి జరుగుతూనే ఉంది, బండి తరవాత బండి.

మరో చమత్కారం చూడండి. ఆ ఇనుప మార్గం మొదలయ్యే కొత్తవలస విజయనగరం జిల్లాది. కొండల మీద కొత్తవలసలు వేరే ఉన్నాయి. శిమిలిగుడ దాటి సరిహద్దు అవతలికి వెళ్తే ఒడిశా కోరాపుట్ జిల్లాలో సెమిలిగుడ పట్టణం. శకారమా సకారమా, ఇకారమా ఎకారమా? సూత్రకర్త దీనికి ఏమంటాడు? ఏమీ అనడు. అసలు సూత్రం ఎక్కడుంది? ఇనుము వెంట పడి దారి తప్పాం, వెనక్కి వద్దాం.

'అదియు చాలనిచో జిల్లాను'. జిల్లా స్థిరమని సూత్రకర్త విశ్వాసం. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లాలోంచి అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు అన్నీ పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కుండలీకరణాల గర్భంలో జిల్లా పేరున్న శీర్షికలన్నీ ఒక్కరోజులో పాతబడ్డాయి.

ఆక్షేపం: ఇందులో తప్పేముంది? వీడియో గేముల అభిమానులు నడిపే వికీల్లోనూ ఇవే కుండలీకరణాలు కదా! సమాధానం: వాళ్లకొక సుఖముంది. లేని ఊరికి పేరు పెట్టినవాడు ఆట తయారుచేసినవాడే. తెర మీద ఎలా పడితే అదే ప్రమాణం. ఉన్న ఊరికి ఎవరు ప్రమాణం?

నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు చెప్పారు. మనవాళ్లు అయిదోది కనిపెట్టారు, జనగణన. 2011 లెక్కల పట్టికలోని ఇంగ్లీషు స్పెల్లింగే కొండ ఊళ్లకు వేదం. ఆ లిపిలో డకీ దకీ ఒకటే అక్షరం, లకీ ళకీ ఒకటే. దాన్ని చూసి తెలుగులోకి తిప్పితే ఏ అక్షరం పడుతుందో దైవాధీనం. మనం శకటరేఫను (ఱ) బడి నుంచే తరిమేశాం. కొండదొరల కూబి భాషలో ఆ ధ్వని ఇప్పటికీ నిక్షేపంగా పలుకుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆ భాషకు రాసిన వ్యాకరణం 1969లోనే అచ్చయింది. కువి, గదబ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు ఆ పక్కనే ఉన్నారు. వాళ్ల నోట ఊరి పేరు ఎలా పలుకుతుందో చెప్పే వాక్యం ఆ ఊళ్ల వికీ పేజీల్లో చాలావాటిలో లేదు. ఇళ్లెన్నో ఉంటుంది, హెక్టార్లెన్నో ఉంటుంది, లొకేషన్ కోడ్ ఉంటుంది. ఆస్పత్రి పది కిలోమీటర్ల పైన ఉందని ఉంటుంది. ఆ ఊరివాళ్లు తమ ఊరిని ఏమంటారన్నది మాత్రం ఉండదు. ఖాళీ ముందా కుండలీకరణం ముందా అని చర్చ చేసే ఓపిక ఉన్నవాళ్లకు, ఒక్క మనిషిని అడిగే ఓపిక ఎందుకు లేదు?

ఆధారం కావాలంటారు. కావాలి, నిజమే. మూలంలో లేనిది రాయనని కొలిచెలమ మల్లినాథసూరి ఎప్పుడో ప్రతిజ్ఞ చేశాడు, ఆ లెక్కన తొలి వికీపీడియను ఆయనే. కానీ ఆయన మూలాన్ని చదివి రాశాడు, పట్టికను చూసి కాదు.

తాత్పర్యం: శీర్షిక ఒద్దికగా ఉండవలెను, ఊరు ఎట్లున్నను సరే.

విజ్ఞప్తి: వికీలో రాసేవాళ్లు అరకు వైపు వెళ్తే, సంతలో కూరగాయలు అమ్ముకునే అవ్వనో, బస్సు కోసం నిలబడ్డ కుర్రాడినో మీ ఊరి పేరు చెప్పమని అడగండి. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చెయ్యండి. వికీమీడియా కామన్స్‌లో ధ్వని ఫైళ్లు ఎక్కించవచ్చు, వాటిని వ్యాసంలో మొదటి వాక్యం పక్కనే పెట్టవచ్చు. కుండలీకరణాల సంగతి ఆ తరవాత చూద్దాం.