దారుబ్రహ్మవాదులు

మా మేనల్లుడు పందొమ్మిదేండ్లవాడు. ఒక వేసవి యంతయు ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకొన్న 20,000 రూపాయలతో ఎలక్ట్రిక్ గిటారు కొనవలెనని బయలుదేరి, రెండు మాసములు తిరిగి, తుదకు గిటారు లేకయే వృక్షశాస్త్రపండితుడై నా యొద్దకు వచ్చినాడు. సొమ్ము జేబులోనే యున్నది. నోటినిండ మాత్రము ఆల్డరు, మహాగని, పోప్లరు, బాస్‌వుడ్ అను నామములు. "మామయ్యా, పోప్లర్ అయితే ధ్వని కాస్త పల్చగా ఉంటుందట. బాస్‌వుడ్ మెత్తగా, వెచ్చగా ఉంటుందట. ఎంతైనా మహాగనికున్న గాంభీర్యం వాటికి రాదట" అని వాడు దిగులుగా పలికెను. "ఎవరు చెప్పార్రా?" అంటిని. "అందరూ" అన్నాడు.

ఈ 'అందరూ' అనువారికి నేను దారుబ్రహ్మవాదులని పేరు పెట్టుకొన్నాను. గుల్లతన మేమియు లేక పలకవలె గట్టిగా నుండు ఎలక్ట్రిక్ గిటారు యొక్క నాదము దాని మొండెపు కఱ్ఱనుండియే జనించుననియు, ఆ కఱ్ఱ యే జాతిదో తెలిసినచో వాద్యము యొక్క గుణదోషములను జాతకచక్రము చూచినట్లు విప్పి చెప్పవచ్చుననియు వీరి సిద్ధాంతము. మన యిండ్లలో ముసలమ్మలు బొప్పాయి వేడిచేయుననియు, సొరకాయ చలువచేయుననియు చెప్పుచుందురు గదా. వీరును అట్లే కఱ్ఱలను పథ్యాపథ్యములుగా విభజించినారు. మహాగని వెచ్చన, మేపులు చుఱుకు, ఆల్డరు సమశీతోష్ణము. మహాగని గిటారును వేసవి మధ్యాహ్నమున వాయించినచో సెగగడ్డలు లేచునని ఇంకను ఎవరును వ్రాయలేదు గాని, ఆ దినమును ఎంతో దూరమున లేదు.

కఱ్ఱ పాడదని నేననుట లేదు. బొబ్బిలి చెంత గొల్లపల్లిలో ఒక్క పనసదుంగనే తొలిచి ఏకాండి వీణను చేయు శిల్పిని చూచినవాడెవడును ఆ మాట అనజాలడు. ఆ వీణకు కుండయే నాదగర్భము. తంతి కదలిక గుఱ్ఱము మీదుగా పలకకును, పలకనుండి లోపలి గాలికిని ప్రాకి, అచ్చట పెరిగి మన చెవికి వచ్చును. గోడ మందమైనచో నాదము కుంటుపడును. కఱ్ఱ పచ్చిదైనచో మూలుగును. అచ్చట కఱ్ఱయే గాయకుడు. కాని, సాలిడ్ బాడీ గిటారు పుట్టినదే ఆ గాయకుని నోరు మూయించుటకు! బోలు గిటారుకు పికప్పు తగిలించి ఆంప్లిఫయరును గట్టిగా పెట్టినప్పుడు, ఆ హోరుకు పెట్టె తానును కంపించి, ఆ కంపము మరల పికప్పులో దూరి, గుడ్లగూబ కూతవంటి ఊళ లేచుచుండెను. దానిని మాన్పుటకై గుల్లను తీసివేసి దిమ్మను పెట్టినారు. ఇట్లు శాశ్వత మౌనవ్రతము పట్టించిన దిమ్మ యొద్దకు పోయి, దాని కంఠమాధుర్యమును గూర్చి వాదులాడుకొనువారి భక్తిని ఏమని కొనియాడవలెను?

ఆ పికప్పు యంత్రరహస్యము 1831లో ఫారడే కనుగొన్నదే. అయస్కాంతము చుట్టును వెండ్రుకవంటి రాగితీగను ఏడెనిమిదివేల చుట్లు చుట్టి తంతుల క్రింద నుంచుదురు. ఉక్కుతంతి కదలినప్పుడు అయస్కాంతక్షేత్రము చలించి రాగితీగలో విద్యుత్తు పుట్టును. ఆ విద్యుత్తే ఆంప్లిఫయరులో బలిసి స్పీకరునుండి వెలువడును. ఉక్కును తీసి నైలాను తంతి కట్టి చూడుడు: మొండెము దేవదారువైనను, కల్పవృక్షమే అయినను, స్పీకరునుండి నిశ్శబ్దమే వచ్చును. ఆ పికప్పు ఉక్కుభాష తప్ప వేఱొక భాష నెఱుగదు.

చరిత్ర యందైనను వీరికి ఆధారము దొరకునా యని చూచితిని. పాపము, చరిత్ర వీరి పట్ల మిక్కిలి నిర్దయగా నున్నది. 1932లో రికెన్‌బాకరు వారు అమ్మకమునకు పెట్టిన తొలి ఎలక్ట్రిక్ గిటారు కఱ్ఱతో చేసినది కాదు, పోతపోసిన అల్యూమినియము. దాని ఆకారమును చూచి జనులు దానికి 'వేపుడు పెనము' అని పేరు పెట్టిరి. దాదాపు 1940లో లెస్ పాల్ అను వాదకుడు నాలుగంగుళముల చదరపు పైన్ దూలమునకు తంతులు బిగించి వాయించెను. ఆయనయే చెప్పుకొన్న కథ యొకటి కలదు: ఉత్త దూలముతో సభకు పోయినప్పుడు శ్రోతలకు రుచింపలేదట; ఆ దూలమునకే ఇరుప్రక్కల గిటారు రెక్కలు అతికించుకొని పోగా మెచ్చుకొనిరట. దూలము మారలేదు, తంతులు మారలేదు. మారినది కన్నులకు కనబడినది మాత్రమే. ఇక 1950లో సాలిడ్ బాడీ గిటారును కర్మాగారసరకుగా మార్చిన లియో ఫెండరు ఫుల్లర్టనులో రేడియోలు బాగుచేయువాడు. జీవితాంతము గిటారు వాయింప నేర్వనివాడు. ఆయన తొలి నమూనాలు పైన్ కఱ్ఱవి, పిమ్మట యాష్, 1956 మొదలు ఎక్కువగా ఆల్డరు. కఱ్ఱ దొరకునా, కోయుటకు లొంగునా, రంగు పట్టునా అని చూచెనే గాని, దాని రాశి నక్షత్రములను ఆయన విచారింపలేదు.

అంతటితో పోనిండు. డానెలెక్ట్రో వారు పైన్ చట్రము మీద మేసనైటు అట్టను, అనగా మన చౌక బీరువాల వెనుక కొట్టు రేకు అట్టవంటి దానిని బిగించి గిటార్లు చేసిరి. అట్టి దానిని జిమ్మీ పేజ్ వంటివాడు వేదికలెక్కి వాయించెను. 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ పారదర్శకమైన ప్లాస్టిక్కుతో చేసిన గిటారును కీత్ రిచర్డ్స్ చేతబట్టెను. బ్రయన్ మే అను కుఱ్ఱవాడు 1963లో తండ్రితో కూడి గిటారు చేయ మొదలిడి, పాడుపడిన పొయ్యిచట్రపు కఱ్ఱను మెడగా చెక్కి, పురుగు తొలిచిన రంధ్రములను అగ్గిపుల్లలతో పూడ్చి, పాత మోటారుసైకిలు స్ప్రింగులను అమర్చెను. దానినే క్వీన్ బృందములో దశాబ్దముల కొలది వాయించెను. అగ్గిపుల్లల నాదవిశేషమును గూర్చి దారుబ్రహ్మవాదులు ఇంతవరకును ఏల మౌనము వహించిరో తెలియదు.

ఈ మతము ధనవంతుల వినోదముగా నుండినచో నాకు కలము పట్టవలసిన పని లేదు. లక్షలు పోసి కొనువాడు తన పలకలో గంధర్వులున్నారని నమ్మినచో ఎవరికి నష్టము? దీని బాధ పడునది మా మేనల్లునివంటి వాడు. వాడు కొనగల గిటారు ఇండోనేషియాలోనో చైనాలోనో తయారగును. దాని మొండెమును తరచుగా మూడు నాలుగు ముక్కలను జిగురుతో అతికించి, పైన పాలియెస్టరు పూతను అప్పడమంత మందమున పూసి తయారు చేయుదురు. పైకి కనబడు మేపులు చారలు పలుచని పొరవి. ఒక్కొక్కచో అదియు లేదు, ఛాయాచిత్రమే అతికించుదురు. ఈ ఛాయాచిత్రమునకు ఏ గుణము చెప్పవలెనో వైద్యులే సెలవియ్యవలెను.

మెడమీది పలక సంగతి ఇంకను వింత. మన అడవులలో జిట్రేగి, ఇరుగుడు అని పిలుచు చెట్టు కఱ్ఱయే లోకమంతట 'ఇండియన్ రోజ్‌వుడ్' అను పేర గిటారు మెట్ల పలకలకు పోవుచుండెను. 2017లో ఆ ప్రజాతి కలప వర్తకమునకు అంతర్జాతీయ నియంత్రణలు రాగా, పెక్కు చవక గిటార్లకు 'లారెల్' వచ్చెను. ఇదియు మన నల్లమద్దియే. మన ఊళ్లలో దూలముల క్రింద తలవంచుకొని బ్రతికినది. అంతవరకు ఆ ఊసెత్తని వారే మఱునాటికి దానియందు పొడితనమును, గరుకుదనమును, హీనకులజన్మను వినగల్గిరి. పూర్తియైన వాద్యములకు 2019లో ఆ నియంత్రణ సడలినది. చెవులకు పట్టిన నియంత్రణ మాత్రము సడలలేదు.

పూరీలో నవకళేబరోత్సవమున పాత దారుమూర్తి లోని బ్రహ్మపదార్థమును క్రొత్తమూర్తిలోనికి మార్చు దైతాపతులు కన్నులకు గంతలు కట్టుకొందురు. అది నిజమైన దారుబ్రహ్మోపాసన. కన్నులు మూసికొని చేయునది. మన దారుబ్రహ్మవాదులను గంతలు కట్టుకొని కఱ్ఱ పేరు చెప్పుడని అడిగి చూడుడు. తక్షణమే వారికి వేఱొక చోట పని తగులును. కఱ్ఱయే సర్వస్వమైన ఫిడేలు విషయముననే 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది విద్వాంసులకు కన్నులు కనబడకుండ చేసి పరీక్షింపగా, స్ట్రాడివేరియసు వంటి పాతవాద్యములను కాదని పలువురు క్రొత్త వాద్యములను కోరుకొనిరి. ఒక అమెరికా వాదకుడైతే మొండెమును మెడను సహితము విసర్జించి, రెండు బల్లల నడుమ శూన్యమున తంతులు బిగించి పికప్పు పెట్టి వాయించి చూపెను. అది గిటారువలెనే పలికినది.

కఱ్ఱకు ప్రభావము సున్న యని నేను ప్రమాణము చేయను. మెడ కంపించుచోట కొన్ని స్వరములు త్వరగా చచ్చుటయు కలదు. కాని పికప్పును తంతికి ఒక మిల్లీమీటరు దగ్గరకు జరిపినచో కలుగు మార్పు ముందర అది ఏనుగు ముందర చీమ. ఆ సంగతి ఎవరును మా మేనల్లునికి చెప్పలేదు. మెడ వంగియున్నదా, మెట్లు సమముగా నున్నవా, మెట్ల అంచులు అరచేతిని రంపమువలె కోయుచున్నవా, బిరడాలు శ్రుతిని నిలుపునా, సొమ్ములో కొంత మిగిల్చి చిన్నదే అయినను మంచి ఆంప్లిఫయరు కొనవలదా అను మాటలు ఏ వాదోపవాదమునందును వినబడవు. వానియందు కవిత్వము లేదు గదా!

ఇక లాభము లేదని వానిని వెంటబెట్టుకొని ఒక దుకాణమునకు పోతిని. దుకాణదారుడు గిటారు నొకదానిని తీసి, తీగ యేదియు తగిలింపకయే, కొబ్బరికాయను పరీక్షించునట్లు దాని వీపును వ్రేలితో తట్టి, "వినండి సార్, ఎలా మోగుతుందో" అనెను. నేను వినక, మెడ ప్రక్కగా బొటనవ్రేలిని ఈడ్చి చూడమని వానికి చెప్పితిని. మొదటిది గీచినది. రెండవది గీచినది. మూడవదాని మెడపై వ్రేలు నునుపుగా సాగినది. మెడ నిటారుగా నున్నది. పండ్రెండవ మెట్టు కడ శ్రుతి సరిపోయినది. మావాడు దానిని ఒడిలో పెట్టుకొని చాలసేపు వాయించినాడు. ముఖము వికసించినది. అంతలో ఏదో జ్ఞప్తికి వచ్చినట్లు తటాలున ఆగి, "ఇది ఏ కర్రండీ?" అని అడిగినాడు.

దుకాణదారుడు వాని ముఖము వంకను, నా ముఖము వంకను చూచి, క్షణకాలము ఆలోచించి, "మీకేది కావాలి బాబూ?" అనెను.