చెయ్యి చూసి చెప్పే డ్రాఫ్ట్ జోస్యం

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని పిలుచుకోవడమే డ్రాఫ్ట్. దానికి ముందు ఏటా మే నెలలో చికాగోలో లీగ్ పెద్దలు కాలేజీ కుర్రాళ్లని వరసగా నిలబెట్టి కొలతలు తీస్తారు. బూట్లు విప్పించి ఎత్తు చూస్తారు. చేతులు చాపించి బార కొలుస్తారు. నిలువునా చెయ్యెత్తమంటారు, ఎగరమంటారు, అటూ ఇటూ పరుగెత్తమంటారు. అరచేతి పొడవూ వెడల్పూ కూడా అంగుళాల లెక్కన రాసుకుంటారు. చెయ్యి చూసి భవిష్యత్తు చెప్పేవాళ్లు మనకు గుడి మెట్ల దగ్గర దొరుకుతారు. అక్కడ వాళ్లని స్కౌట్లంటారు. జీతం ఉంటుంది, విమానం ఖర్చులు అదనం.

కొలతలతో నాకు పేచీ లేదు. అప్పుడప్పుడు నవ్వు తెప్పిస్తాయి, అంతే. 2007లో టెక్సస్ యూనివర్సిటీ కుర్రాడు కెవిన్ డ్యూరాంట్‌ని బల్ల మీద పడుకోబెట్టి 185 పౌండ్ల బరువెత్తమంటే ఒక్కసారీ ఎత్తలేకపోయాడు. తర్వాత నాలుగు సీజన్లలో లీగ్ మొత్తానికీ టాప్ స్కోరర్ అతనే. పడుకుని ఆడే ఆట కాకపోవడం అతని అదృష్టం. 2009లో డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ నుంచి స్టెఫెన్ కరీ వచ్చాడు. ఆ సీజన్లో దేశంలోని కాలేజీ ఆటగాళ్లందరిలోకీ ఎక్కువ సగటున పాయింట్లు చేసినవాడు. అయినా బక్కపల్చగా ఉన్నాడన్నారు, ఎగరలేడన్నారు, బంతిని అదుపులో పెట్టుకోవడం ఇంకా నేర్చుకోవాలన్నారు. మిన్నెసోటా చేతిలో ఐదో పిలుపూ ఆరో పిలుపూ రెండూ ఉన్నాయి. రెండిటితోనూ పాయింట్ గార్డులనే తీసుకుంది, రికీ రూబియోని, జానీ ఫ్లిన్‌ని. ఏడో పిలుపు గోల్డెన్ స్టేట్‌ది, కరీ వాళ్లకి దక్కాడు. ఆ ఊసు మిన్నెసోటా వాళ్ల దగ్గర భోజనాల వేళ ఎత్తకూడదు.

పేచీ ఎక్కడంటే, టేపు చుట్టి జేబులో పెట్టుకుని మనసు కొలవడం మొదలెట్టిన దగ్గర. వీడికి ‘మోటర్’, అంటే అలుపెరగని ఊపు, ఉందా? ‘కిల్లర్ ఇన్‌స్టింక్ట్’ ఉందా? బెంచీ మీద కూర్చున్నప్పుడు భుజాలు ఎందుకు వాల్చాడు? కోచ్ తిడుతుంటే పక్కకి ఎందుకు చూశాడు? ఎగరలేడన్న జోస్యం తప్పితే కనీసం వీడియోలో కనబడుతుంది. ‘మనసులో ఆ మంట లేదు’ అన్నది ఏ వీడియోలోనూ కనబడదు. కుర్రాడు విఫలమైతే మేం ముందే చెప్పాం. గెలిస్తే మనిషి మారాడు. ఎటు పడ్డా జోస్యుడిదే పైచెయ్యి.

కవై లెనర్డ్‌ని చూడండి. శాన్ డియేగో స్టేట్ నుంచి వచ్చినప్పుడు మాటలు తక్కువ, అరచేతులు మాత్రం అసాధారణం. ఆ చేతుల వల్లే తర్వాత ‘క్లా’ అని పేరు పడింది. హస్త సాముద్రికం ఇంత స్పష్టంగా ఉన్నా, 2011లో 14 మంది పోయాక పిలిచారు. 2014 ఫైనల్స్‌లో అతను ఉత్తమ ఆటగాడైతే ఆ మౌనం గాంభీర్యమయింది. 2017-18లో గాయంతో తొమ్మిది మ్యాచ్‌లే ఆడి, తన జట్టు శాన్ ఆంటోనియోని వదిలి వెళ్తానంటే అదే మౌనం అంతుపట్టని స్వభావమైపోయింది. 2019లో టొరంటోకి టైటిల్ తెచ్చేసరికి మళ్లీ నిబ్బరం. ఇన్నేళ్లలో పాపం అతను కొత్తగా మాట్లాడిందీ లేదు, మానేసిందీ లేదు.

ఇక ఆంథొనీ ఎడ్వర్డ్స్ కథ. జార్జియా యూనివర్సిటీకి ఆడింది 32 మ్యాచ్‌లు. 2006 డ్రాఫ్ట్ నుంచి అమలైన నిబంధన ప్రకారం డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 ఏళ్లు నిండాలి, హైస్కూల్ అయ్యాక ఏడాది గడవాలి. అందుకే మెరుగైన కుర్రాళ్లు కాలేజీలో ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోతారు. ఆ ఒక్క సీజన్లో అతని మూడు పాయింట్ల షాట్లు 29 శాతమే పడ్డాయి. అది పెద్ద నేరం కాలేదు. 2020 డ్రాఫ్ట్ దగ్గర పడుతుండగా ఒక ఇంటర్వ్యూలో, బాస్కెట్‌బాల్ అంటే తనకింకా అంత పిచ్చి పట్టలేదనీ, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పిలుపొస్తే అటే పోతాననీ అన్నాడు. అదీ నేరం! ఆట మీద ప్రేమ లేదట! తల్లినీ అమ్మమ్మనీ ఒకే ఏడాది, 2015లో, క్యాన్సర్‌కి పోగొట్టుకుని పెరిగిన కుర్రాడు మనసులో మాట ఉన్నదున్నట్టు చెబితే లోపం కింద రాసుకున్నారు. ‘నా ప్రాణమే బాస్కెట్‌బాల్ సార్’ అని ఏజెంటు నేర్పిన పాఠం అప్పజెప్పి ఉంటే గుణవంతుడి ఖాతాలో పడేవాడు. వేరే జట్టు రెట్టింపు జీతమిస్తానంటే వెళ్తారా అని స్కౌట్లని ఎవరైనా అడిగారా? అడిగితే ప్రేమ గురించి ఎంత సేపు మాట్లాడతారో వినాలని ఉంది.

అతన్ని మొదటి పిలుపుతోనే తీసుకుంది మిన్నెసోటా. అవును, ఆ మిన్నెసోటాయే. ఈసారి మాత్రం ప్రేమ పరీక్షని పట్టించుకోలేదు. 2024లో, 2025లో వరసగా వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ దాకా వెళ్లింది. 2024-25 సీజన్లో లీగ్ మొత్తం మీద ఎక్కువ మూడు పాయింట్ల షాట్లు వేసింది ఆ 29 శాతం కుర్రాడే. పిచ్చి ఎప్పుడు పట్టిందో తేదీ ఎవరూ నమోదు చేసినట్టు లేదు.

పోనీ, నిజంగా మనసు చదవడం వచ్చినవాడు ఎన్‌బీఏలో ఎవరూ ఆడలేదా అంటే ఆడాడు. టిమ్ డంకన్. వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లూ ఉండి సైకాలజీ పట్టా తీసుకుని, 1997లో మొదటి పిలుపుతో శాన్ ఆంటోనియోకి వెళ్లాడు. ఐదు టైటిళ్లు గెలిచాడు. గెలిచినా ఓడినా ఆ ముఖంలో ఒక్క గీత కదిలేది కాదు కనక, బాడీ లాంగ్వేజ్ పండితులకి చదువుకోవడానికి ఏమీ మిగల్చలేదు. కాలేజీలో ఉండగా తన ప్రొఫెసర్‌తోనూ మరికొందరితోనూ కలిసి ఒక పుస్తకంలో అధ్యాయం రాశాడు. తమకే అన్నీ తెలుసని గొప్పలు పోయేవాళ్లని చూస్తే ఎదుటివాళ్లకి ఎలా ఉంటుందన్నది అందులో విషయం. పుస్తకం ఆ 1997లోనే అచ్చయింది. చికాగోలో టేపుతో పాటు ఒక కాపీ కూడా పంచితే బావుంటుంది.