డి బ్లాకు వాసి మొర

మా అపార్ట్‌మెంటుకు ఈమధ్యే రంగులు వేయించారు. రంగులతో నాకు పేచీ లేదు. ఆ వంకన మెయింటెనెన్సు పెంచినా నోరెత్తలేదు. నా మొరంతా గోడల మీద కొత్తగా వెలిసిన ఇంగ్లిషు అక్షరాల గురించి. బ్లాకుల పేర్లు, ఫ్లాటు నంబర్లు, లిఫ్టు బటన్లు, చివరికి చెత్తడబ్బాలు పెట్టే చోటుతో సహా అన్నీ అంతరిక్షనౌకలో ఉండాల్సిన లిపిలోకి మారిపోయాయి. "మోడ్రన్‌గా ఉంది కదండీ" అన్నారు సెక్రటరీ గారు. ఉంది. అందుకే బి బ్లాకు వారి బిర్యానీ మా ఇంటికీ, నా బీపీ మాత్రలు వారింటికీ వెళ్తున్నాయి.

ఆ ఫాంటు పేరు యూరోస్టైల్ అని మావాడు చెప్పాడు. ముద్దాయి పేరు తెలిశాక పుట్టుపూర్వోత్తరాలు విచారించకుండా ఊరుకోవడం గృహస్థ ధర్మం కాదు. స్వస్థలం ఇటలీలోని ట్యూరిన్. అక్కడ నెబియోలో అనే కంపెనీ ప్రెస్సులకు సీసపు అక్షరాలు పోతపోసేది. 1952లో అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నొవారెసె కలిసి ఆ కంపెనీకి మైక్రోగ్రామా అనే ఫాంటు గీసిపెట్టారు. అందులో అన్నీ పెద్దబడి అక్షరాలే. చిన్నబడి లేదన్న లోటు 1962లో నొవారెసె తీర్చాడు. అదే యూరోస్టైల్.

ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఇంగ్లిషు "ఓ"ను గుండ్రంగా ఉండనివ్వలేదు. నాలుగు పక్కలా అదిమి, మూలలు మాత్రం అరగదీశాడు. అటు వృత్తమూ కాదు, ఇటు చతురస్రమూ కాదు, పాత టీవీ తెర ఆకారం. రాబోయే కాలమంతా ఆ ఆకారంలోనే ఉంటుందని అప్పట్లో నమ్మకం. ఆ తరవాత టీవీలు బల్లపరుపుగా మారి గోడకెక్కాయి, వాటి మూలలు పదునుదేరాయి. ఈ అక్షరాలు మాత్రం అక్కడే ఆగిపోయాయి. అరవై ఏళ్ల కిందటి భవిష్యత్తును తెచ్చి మా గోడకు కొత్త సరుకని పులిమారన్నమాట!

వీటిని మోసిన పాపం సినిమాలది కూడా. 1968లో స్టాన్లీ కూబ్రిక్ తీసిన "2001: ఎ స్పేస్ ఒడిస్సీ"లో హాల్ అనే కంప్యూటరు తెరల మీద యూరోస్టైల్ కనిపిస్తుంది. స్టార్ ట్రెక్ సినిమాల్లో నౌకల ఒంటి మీద రాసింది మైక్రోగ్రామా. ఇక ఎవరికి రేపటి కాలం కావలసివచ్చినా ఈ డబ్బానే తెరవడం అలవాటైంది. ఇంకో సంగతి. కూబ్రిక్ సినిమా మొదట్లో పేరు పడేటప్పుడు వాడింది గిల్ సాన్స్ అనే వేరే ఫాంటు. అయితే ఆ 2001లో ఉన్నవి సున్నాలు కావు, రెండు ఓ అక్షరాలు. సున్నాకూ ఓకూ తేడా పాటించని ఈ దురాచారానికి అంత పెద్దమనిషే చెయ్యి వేశాడన్నమాట. ఇక మా పెయింటరును ఏమనగలం?

మా గోడకు అడుగు దూరంలో నిలబడి పరిశీలించాను. ఈ లిపిలో సున్నాకు ఎడమవైపు రెండు మూలలు పదును చేస్తే డి అవుతుంది. ఎనిమిదికి అదే పని చేస్తే బి అవుతుంది. అయిదు, ఎస్ స్వయానా అన్నదమ్ములు. దీనికి తోడు, స్టెన్సిల్‌లో డి కడుపులోని ముక్క రాలిపోకుండా పెయింటరు నడుము దగ్గర రెండు పక్కలా పట్టీలు వదిలాడు. స్ప్రే కొట్టాక డికి బిలాగే నడుము వచ్చింది. మాది డి 508. మొన్న డెలివరీ కుర్రాడు గుమ్మం ముందు నిలబడే ఫోన్ చేసి అడిగాడు: "సార్, నేను బీ ఎస్ ఓ బీ దగ్గరున్నా, మీ ఇల్లు ఎటు?"

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి చెబుతున్నాను. కారు డాష్‌బోర్డు మీద, అంకెలు మాత్రమే ఉండే చోట, ఈ వెడల్పాటి ఫాంటు చూడముచ్చటగానే ఉంటుంది. అక్కడ బి, డి బ్లాకులు లేవు మరి. భవిష్యత్తు మీద మోజునూ నేను తప్పుపట్టను. 1927లో జర్మనీలో పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా పేరులోనే భవిష్యత్తు ఉంది. కానీ దాంట్లో ఓ నిక్షేపంగా గుండ్రంగా ఉంటుంది. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద వదిలివచ్చిన ఫలకం మీద ఉన్నది ఆ ఫాంటే. చంద్రుడికి సరిపోయింది మా డి బ్లాకుకు ఆనలేదు. అదే జర్మనీలో కార్ల నంబరు ప్లేట్ల కోసం గీయించుకున్న అక్షరాల్లో ఓ, సున్నా ఒకదాన్నొకటి పోలకుండా కావాలనే వేరువేరుగా గీశారు. అందంగా ఉండవు. ఉండనక్కర్లేదు కూడా.

మా ఆవిడ మాత్రం బిర్యానీ వస్తున్నంతకాలం ఫాంటును ఏమీ అనొద్దంటోంది. సెక్రటరీ గారేమో గేటు మీద "సుస్వాగతం" కూడా ఇదే మోస్తరుగా రాయిస్తానంటున్నారు. తెలుగు అక్షరానికి ఒళ్లంతా గుండ్రమే. దాన్ని నాలుగు పలకలు చేసి తలకట్టును అడ్డగీతగా మారిస్తే వచ్చినవాళ్లు స్వాగతం చదువుతారో, గేటుకు బిగించిన గ్రిల్లు అనుకుంటారో!

అసోసియేషన్ వారికి నా విన్నపం ఒక్కటే. ఆ ఇంగ్లిషు అక్షరాల కింద మామూలు తెలుగులో బి, డి అని రాయించండి, బ్రష్షు ఖర్చు నాది. అందాకా మా ఇంటికి వచ్చే బంధుమిత్రులు దయచేసి గోడల మీద ఏమీ చదవకండి. బోరు మోటారు పక్కనున్న లిఫ్టు ఎక్కి అడుగు నుంచి ఆరో బటను నొక్కండి.