చుక్కకి లెక్క ఉండేది

మా రోజుల్లో మందు సీసాకి కాగితం మెట్లు ఉండేవి. తెల్ల కాగితం మడిచి, అంచులు కత్తెరతో కోసి, విప్పి సీసాకి అంటిస్తే ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. అక్షరం రాని ముసలమ్మ కూడా పొద్దున ఒక మెట్టు, రాత్రి ఒక మెట్టు అని చూసుకుని తాగేది. నేను ముప్పై ఆరేళ్లు కాంపౌండరుగా చేశాను. అలాంటి కాగితాలు ఎన్ని వేలు కత్తిరించానో.

మొన్న పై ఫ్లాటు అమ్మాయి మా కోడలికి ఓ నల్ల పెట్టె తెచ్చిచ్చింది. అందులో వేలెడేసి సీసాలు పన్నెండు. లావెండరు, టీ ట్రీ, నిమ్మగడ్డి, లవంగం, నీలగిరి. "రోజూ గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేసుకుని తాగండి బాబాయిగారూ, ఇమ్యూనిటీ పెరుగుతుంది. కెమికల్ కాదు, అంతా నేచురల్" అంది.

గన్నేరు పప్పు కూడా చెట్టుకే కాస్తుందమ్మా అన్నాను. నూనె నీళ్లలో కలవదు. పైన తేలి, ఉన్న ఘాటంతా ఉన్నట్టే గొంతుకి తగులుతుంది. పైగా కెమికల్ కాదంటే ఎలా? లవంగ నూనెలో పన్నునొప్పి తగ్గించేది యూజినాల్. నీలగిరి తైలంలో గుణమంతా సినియోల్. చెట్టు చేసినా అది రసాయనమే, అందుకే పనిచేస్తుంది.

పనిచెయ్యదని నేనెప్పుడూ అనను. బుగ్గ పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాడికి అగ్గిపుల్ల కొనకి దూది చుట్టి, లవంగ నూనెలో ముంచి, పిండి, పుచ్చు పన్ను గుంటలో మాత్రమే పెట్టేవాళ్లం. చిగురుకి అంటితే కాలుతుంది. రెండు నిమిషాల్లో మనిషి మొహం మారేది. ఇవాళ్టికీ పళ్ల డాక్టర్లు తాత్కాలికంగా గుంట పూడ్చడానికి జింక్ ఆక్సైడ్‌లో ఆ యూజినాలే కలుపుతారు. పుదీనా నూనెని పేగుల్లోకి వెళ్లాక కరిగే గొట్టం మాత్రల్లో పెట్టి ఇస్తే, మాటిమాటికీ కడుపు మెలిపెట్టే జబ్బులో ఉపశమనం ఉంటుందని పరీక్షల్లో తేలింది. మరి ఆ మాత్రలో ఎంత నూనె ఉండాలో లెక్క కట్టారు. నా బాధంతా ఆ లెక్క గురించే.

అమృతధార చెయ్యడం చూశారా ఎప్పుడైనా? కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు సమానంగా తూచి గాజు సీసాలో వేసి బిరడా బిగిస్తే, నిప్పు లేదు, నీళ్లు లేవు, తెల్లటి పలుకులు మూడూ చూస్తూండగానే చెమర్చి, జారి, తేటగా ద్రవమైపోతాయి. ఒకదాని తోడు మరొకదాన్ని కరిగించేస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఇది చూపించకుండా నేను ఏ పనీ నేర్పలేదు. కడుపుబ్బరమంటే పెద్దవాళ్లకి చక్కెర మీద రెండే చుక్కలు. మూడో చుక్క అడిగితే ఇచ్చేవాణ్ణి కాదు. పసివాళ్లకి ససేమిరా.

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు ఆంధ్రపత్రికకీ, గ్రంథాలయాలకీ వెళ్లింది. హైదరాబాదులో 1920లో జిందా తిలిస్మాత్ పుట్టింది. నీలగిరి తైలమే దానికి ప్రాణం. ఇవి ప్రతి ఇంటి గూట్లోనూ ఉండేవి. కానీ జబ్బు చేసినప్పుడే మూత తీసేవాళ్లం. వాడకం అయ్యాక మళ్లీ గూట్లోకే.

ఇప్పుడు పడగ్గదిలో పొగలు చిమ్మే మరొకటి పెట్టారు, డిఫ్యూజరట. ఏసీ, తలుపులు బిడాయింపు, రాత్రంతా నీలగిరి ఆవిరి. జలుబు లేనివాడికి కూడా! పుదీనా పువ్వు పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది గానీ, నిజంగా దారి వెడల్పు కాదు. చల్లదనం పసిగట్టే నరాలు మేలుకుంటాయి, హాయిగా అనిపిస్తుంది. ఆ హాయి మంచిదే, పడిశం పట్టిన రాత్రి నిద్ర పట్టనిస్తుంది. అయితే రోజూ ఎందుకు?

ఆ గదిలో పద్నాలుగు నెలల మా మనవడు పడుకుంటున్నాడు. నాకు నిద్ర పట్టనిది అందుకు. కర్పూరం, నీలగిరి తైలం పసివాళ్ల కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. కొందరికి పీల్చినా, ఒంటికి రాసినా వచ్చినట్టు మన దేశంలోని డాక్టర్లే రాశారు. అమెరికాలో 1983 నుంచి పైపూత మందుల్లో కర్పూరం నూటికి పదకొండు పాళ్లు దాటకూడదు. మా రోజుల్లోనూ కర్పూరం కాచిన కొబ్బరినూనె చంటిపిల్లల రొమ్ముకి రుద్దిన ఇళ్లున్నాయి. అది అప్పుడూ తప్పే, నేను అప్పుడూ పోట్లాడాను.

కోడలు మంచిపిల్ల, అంతా విని గదిలో మిషను తీసేసింది. పన్నెండు సీసాల మీదా ఇంగ్లీషే ఉంది, అదీ చీమ తలకాయంత అక్షరాలు. నిన్న మధ్యాహ్నం కత్తెర, జిగురు తీసుకుని కూర్చున్నాను. ఒక్కోదానికీ తెలుగులో చీటీ రాసి అంటించాను: పేరు, పైపూతకి మాత్రమే, తాగరాదు, పిల్లలకి అందకుండా ఉంచాలి. పెట్టె బీరువా పైఅరలో ఉంది. తాళం కోడలి దగ్గరుంది.