భగవంతుని ఉద్యోగపర్వము

2022 అక్టోబరు 30, ఆదివారమునాడు గుజరాతులోని మోర్బీ పట్టణమున మచ్చు నదిమీది తీగల వంతెన కూలెను. తరువాతి మంగళవారమునాడు అక్కడి న్యాయస్థానములో, ఆ వంతెన బాగోగులు చూచు గడియారముల సంస్థకు చెందిన మేనేజరొకడు, ఈ దుర్ఘటన భగవదిచ్ఛ యని విన్నవించుకొనెనని చదివినది మొదలు నన్నొక సందేహము పీడించుచున్నది. 135 మందిని మచ్చు నదిలో ముంచినంతటి కార్యభారమును ఒంటిచేతిమీదుగ నిర్వహించిన భగవంతునికి ఆ సంస్థవారు ఏ హోదా నిచ్చిరి? నెలజీతమెంత? ప్రావిడెంటు ఫండు జమచేయుచున్నారా, లేక హాజరుపట్టీలో పేరైనను వ్రాయక వెట్టిచాకిరి చేయించుకొనుచున్నారా?

ఏలయన, ఆయన చేసిన పని సామాన్యమైనది కాదు. గోడగడియారములును విద్యుద్దీపములును చేసికొనువారికి నదిమీది వంతెనను 15 ఏండ్లపాటు అప్పగింపుమని 2022 మార్చినెలలో పురపాలక సంఘము చెవిలో ఊదినవాడు ఆయనయే కావలెను. మనుష్యబుద్ధికి తోచు ఆలోచన కాదది. నెలల తరబడి వంతెనను మూయించి, పాత నడకపలకలను పెరికించి, నాలుగు పొరల అల్యూమినియము పలకలను పరపించినవాడును ఆయనయే. వ్రేలాడు వంతెనకు ప్రాణము పలకలలో లేదనియు, ఇరుదరుల స్తంభముల మీదుగ సాగి నేలలో లంగరు వేసికొన్న పెద్ద ఇనుపమోకులలో నున్నదనియు, పలకలును, వానిపై నడచు జనులును, వారి చంకలలోని బిడ్డలును ఆ మోకులు మోయవలసిన బరువేననియు ఇంజినీరింగు చదువు పిల్లవాడెవడైనను చెప్పును. సర్వజ్ఞుడు మాత్రము, చీకిన చేదత్రాటికి క్రొత్త ఇత్తడిబిందె కట్టినట్లు, పలకలు మార్చి మోకులను పాతవే యుంచెను. మోకు తెగినచోట త్రుప్పు పట్టియుండెననియు, దానికి నూనెగాని గ్రీజుగాని పెట్టలేదనియు పోలీసు అధికారి కోర్టుకు తెలిపిన మీదట, పరమాత్ముడు నిర్లేపుడని మన పెద్దలనుట ఎంత సత్యమో తెలియవచ్చినది.

వాఘ్జీ ఠాకూరు కాలమున ఆయనకీ కొలువు దొరకలేదు. ఆ మోర్బీ సంస్థానాధీశుడు, సీమనుండి వచ్చిన సామగ్రితో, మనుష్యుల లెక్కలతో, సుమారు 230 మీటర్ల పొడవున ఒకటింబావు మీటరు వెడల్పున ఈ వంతెనను కట్టించి, 1879 ఫిబ్రవరి 20వ తేదీన బొంబాయి గవర్నరు సర్ రిచర్డ్ టెంపుల్ చేత ప్రారంభింపజేసెను. భగవంతుడు గుడిలో నైవేద్యము లారగించుచు ఖాళీగా నుండినంతకాలము అది నిలిచెను. 2001 నాటి భూకంపమునకు దెబ్బతినియు మరల నిలిచెను. ఆయన ఉద్యోగమున చేరిన ఏడాదియే కూలెను.

అయినను పూర్వానుభవము లేనివానిని ఎవ్వరు కొలువులో పెట్టుకొందురు? 1979 ఆగస్టు 11న ఈ మచ్చు నది మీదనే రెండవ ఆనకట్ట తెగి, మోర్బీ మునిగి, వేలమంది కొట్టుకొనిపోయినపుడు నేరము వానమీద పడెను. విచారణ సంఘమును నివేదిక రాకమునుపే చాలించిరి. 2016 లో కలకత్తా వివేకానంద రోడ్డున కట్టుబడిలోనున్న వంతెన కూలినపుడు, దానిని కట్టుచున్న హైదరాబాదు సంస్థ అధికారి యొకరు, ఇది దైవఘటన యని సెలవిచ్చెను. భగవంతునికి పరరాష్ట్రమున పని చూపించిన కీర్తి మన తెలుగుగడ్డకే దక్కినది, సంతోషింపుడు.

2022 అక్టోబరు 26న, గుజరాతీల సంవత్సరాది నాడు, మోర్బీ వంతెన తెరచి టికెట్లమ్మించినవాడును భగవంతుడేనట! యోగ్యతాపత్రము తాము ఈయలేదనియు, తెరచిన సంగతియే తమకు తెలియదనియు పురపాలక అధికారి చెప్పెను. పట్టణము నడిబొడ్డున, పండుగ సెలవులలో, జనము బారులుతీరి యెక్కుచుండగా అయిదు దినములపాటు అధికారుల కన్నులకు మాయ కప్పుట విష్ణుమూర్తికిగాక ఎవ్వరికి సాధ్యము? ప్రధానమంత్రి రాకకు ముందటి రాత్రి, క్షతగాత్రులున్న ఆసుపత్రి గోడలకు తెల్లవారులోగా క్రొత్త రంగులు వేయించిన వేగమును చూడగా, విశ్వకర్మకును అక్కడ ఉపగుత్త దొరికినట్లున్నది. వంతెనకు మాత్రము అంత వేగముగ, అంత శ్రద్ధతో పని జరుగలేదు.

పోలీసులు తొమ్మండుగురిని పట్టుకొనిరి: మేనేజర్లిద్దరు, ఉపగుత్తేదార్లిద్దరు, టికెట్లు చింపి యిచ్చు గుమాస్తాలిద్దరు, కావలివాండ్రు ముగ్గురు. ప్రథమ సమాచార నివేదికలో సంస్థ యజమాని పేరు లేదు; పురపాలక అధికారి పేరు లేదు; భగవంతుని పేరును లేదు. ఈ ముగ్గురును ఒకే కోవకు చెందినవారని పోలీసులు గ్రహించినట్లే యున్నది.

సిగ్గుండవలెను! ఆదివారము సాయంకాలము తెగిన వంతెన ప్రక్కవలను పట్టుకొని నీళ్లమీద వ్రేలాడినవాడు దేవుడా యని అరచెనన్న, అరచుటకు వానికి హక్కున్నది. వానిచేత టికెట్టు కొనిపించి, త్రుప్పు పట్టిన మోకుమీదికి పంపి, శవములింకను నదిలో వెదకుచుండగనే కోర్టులో నిలిచి అదే దేవుని చాటున దాగువానికి ఏ హక్కున్నది? గుమాస్తాకు పలకల బరువు తెలియదు. కావలివాడు మోకును పరీక్షింపలేడు. ఆ పని తెలియనివారిచేత చేయించినవారును, చేయించుచుండగా చూచి యూరకున్నవారును, మార్చినెల ఒప్పందము క్రింద సంతకములు చేసినవారును మనుష్యులే. ఆ పేర్లు ఆ కాగితము మీదనే యున్నవి, చదువ నేర్చినవా డెవడైనను చదువవచ్చును. వారిలో సంస్థ యజమానినిగాని పురపాలక అధికారినిగాని ఆ తొలి అరెస్టులలో పట్టుకొనలేదు.