యూకేజీ తప్పిన పట్టభద్రులు

పరీక్ష రాయకుండానే అయిదేళ్ల పిల్లాడు తప్పొచ్చు. నమ్మరా? కర్ణాటక వెళ్లి అడగండి. నర్సరీ అయింది. ఎల్‌కేజీ అయింది. యూకేజీ కూడా అయింది. నల్ల గౌను తొడిగి, టోపీ పెట్టి ‘గ్రాడ్యుయేషన్ డే’ ఫొటో కూడా తీశారు. ఆనక చల్లగా చెప్పారు: బాబుకు వయసు చాలదండీ, మళ్లీ యూకేజీలోనే కూర్చోబెట్టండి. పట్టభద్రుడిగారికి పాత బెంచీ. అమ్మానాన్నలకు కొత్త ఫీజు!

ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి అంది 2020 జాతీయ విద్యా విధానం. మంచిమాటే. ఆడుకునే వయసులో ఎక్కాలెందుకు? కర్ణాటక 2022 జులైలో ఉత్తర్వు ఇచ్చింది. జూన్ 1 నాటికి ఆరు నిండి తీరాలంది. జనం గోలపెడితే 2025-26కు వాయిదా వేసింది. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ: లెక్కకు మూడేళ్లూ సరిపోయాయి. గుమ్మంలోనే పుట్టినతేదీ చూస్తే గొడవే లేదు. చూశారా? బడి చూసింది ఫీజు. తల్లిదండ్రులు చూసింది పక్కింటి పిల్లాణ్ని. విద్యాశాఖ ఎటు చూసిందో దానికే తెలియాలి.

తీరా గడువొచ్చింది. 2025 ఏప్రిల్‌లో మంత్రి మధు బంగారప్ప కరుణించారు. అయిదేళ్ల అయిదు నెలలు నిండితే చాలట, అదీ ఆ ఒక్క ఏడాదికేనట! మార్చిలో ఎదగని బుర్ర ఏప్రిల్‌లో ఎదిగిపోయిందా? అప్పటికే మళ్లీ యూకేజీ ఫీజు కట్టేసినవాళ్ల మాటేంటి? ఒక్కరోజు తక్కువైనవాడు చేసిన పాపమేంటి? అమ్మ కడుపులోంచి కాస్త ముందు రావాల్సిందా?

ఇక చట్టం చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే. అంతకన్నా చిన్నవాళ్లకు ప్రభుత్వాలు ఏర్పాట్లు ‘చేయవచ్చు’నంటుంది పదకొండో సెక్షన్. అంటే, మానేయవచ్చు కూడా! చేర్చుకునేటప్పుడు పిల్లలకు పరీక్ష పెడితే తొలిసారి 25 వేల దాకా, ఆపై ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా అంటుంది పదమూడో సెక్షన్. భేష్! మరి నర్సరీ సీటుకు రెండున్నరేళ్ల బుడతణ్ని కూర్చోబెట్టి ‘ఇంటరాక్షన్’ అంటున్నారే, అదేంటి? పిచ్చాపాటీయా? ఒకటో తరగతిలో పిల్లాణ్ని ఆపేయడానికి చట్టం ఒప్పుకోదు. యూకేజీలో ఆపేస్తే చట్టానికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

హైదరాబాద్, విజయవాడ బాబులూ, నవ్వుకుంటున్నారా? ఆగండాగండి. రాష్ట్రాలన్నీ ఆరేళ్ల నిబంధన పాటించాలని కేంద్రం 2023లో చెప్పింది, 2024లో మళ్లీ చెప్పింది. మన ప్లేస్కూళ్ల ముందు బారులు మాత్రం తగ్గాయా? పాలపళ్లు ఊడకముందే ‘ఐఐటీ ఫౌండేషన్’ అనే ఊరు మనది. రేపు ఉత్తర్వు వస్తుంది, ఎల్లుండి వాయిదా, ఆపై సడలింపు. ఈలోగా పిల్లాడు అవే రైములు రెండోసారి వల్లిస్తుంటాడు. కిందటేడు తనతో కూర్చున్నవాళ్లు ఒకటో తరగతికి వెళుతుంటే, నేనెందుకు వెళ్లలేదని అడుగుతాడు. ఏం చెబుతారు? జీవో నంబరా?

వయసు చూడకుండా చేర్చుకున్నది బడి. చూడమని చెప్పి కళ్లు మూసుకున్నది ప్రభుత్వం. శిక్ష మాత్రం పిల్లాడికి! కాబట్టి లెక్క తిరగరాయండి. వయసు తక్కువని తెలిసీ చేర్చుకున్న బడి, ఆ అదనపు ఏడాది పైసా తీసుకోకుండా చదివించాలి. ఒక్క ఏడాది ఈ నిబంధన పెట్టి చూడండి. పుట్టినతేదీ చూడటం ప్రతి బడికీ దానంతటదే వచ్చేస్తుంది.