రెండిరవైమూళ్లు నలభై ఆరు

మాది రెంటచింతల. ఎండాకాలంలో రేడియో వార్తలు విన్నవాళ్లకి మా ఊరిని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. మిగతా నెలల్లో మేం ఉన్నామో పోయామో ఎవరికీ పట్టదు గానీ, మే వచ్చి "రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత" అనగానే ఆ తర్వాత వచ్చేది మా పేరే. అలాంటి ఊరి నుంచి నేను 2014 జనవరిలో ఎమ్మెస్ చదవడానికి షికాగో వెళ్లాను. ఇందులో నా తెలివితక్కువతనం కొంత. మిగతా తప్పంతా 'స్ప్రింగ్' అనే మాటది.

అడ్మిషన్ లెటర్లో 'స్ప్రింగ్ 2014' అని ఉంది. నాన్న లెక్కల మాస్టారు. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా రెండుసార్లు చదువుకుని మూడోసారి అమ్మకి అర్థం చెప్తాడు. "స్ప్రింగంటే వసంతం. వాళ్లకి జనవరికే వచ్చేస్తుందన్నమాట" అన్నాడు. అమ్మ కళ్ల ముందు అప్పటికప్పుడు మామిళ్లు పూతకొచ్చేశాయి.

విమానంలో రెండు పెట్టెలకి అనుమతి, ఒక్కోటి 23 కిలోలు. "రెండిరవైమూళ్లు నలభై ఆరు" అని నాన్న ఎక్కం అప్పజెప్పాడు. మా ఊళ్లో ఎండ కూడా ఒక్కోసారి అంతే ఉంటుంది కాబట్టి ఆ అంకె ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

పెట్టెల్ని మోసుకుని మిరపకాయల వ్యాపారి కాటా దగ్గరికి వెళ్లాం. మిర్చి టిక్కీలు తూచే కాటా అది. మొదటి పెట్టె 26న్నర తూగింది. కాటా వేసే ముసలాయన నాన్న మొహం చూసి జాలిపడ్డాడు. "దిగులెందుకు మాస్టారూ, మూడున్నర తరుగు తీసేద్దాం" అన్నాడు. ఎయిర్‌పోర్టులో తరుగు ఒప్పుకోరని చెబితే, అదేం యార్డో అన్నట్టు చూశాడు.

ఇక పెట్టె అక్కడే విప్పారు. చుట్టూ హమాలీలు. గోంగూర పచ్చడి 2 కిలోలు. దాని జోలికి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. కుక్కరు, దానికి 3 గ్యాస్కెట్లు. ఎండుమిర్చి. బాత్రూముకి ప్లాస్టిక్ మగ్గు (వెళ్లొచ్చినవాళ్లెవరో చెవిలో చెప్పారు, అదొక్కటీ మర్చిపోవద్దని. వాళ్ల కడుపు చల్లగుండ). అడుగున స్వెట్టరు. గుంటూరులో చలికాలం రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్ముతారే, అక్కడ కొన్న మెరూన్ రంగుది. కిలోన్నర. "వసంతంలో స్వెట్టరేందిరా" అని నాన్న దాన్ని లాగేశాడు. మిగిలిన రెండు కిలోలకి ఆల్గరిథమ్స్ పుస్తకం బయటికొచ్చింది. నేను వెళ్తున్నది చదువుకోవడానికన్న సంగతి ఆ కాటా దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

జనవరి 3న షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టులో దిగాను. తినే పదార్థాలున్నాయని ఫారంలో నిజాయితీగా టిక్కు పెట్టినందుకు పక్కకి పిలిచారు. అధికారి పచ్చడి ప్యాకెట్టు పైకెత్తి ఇదేమిటన్నాడు. గోంగూర అన్నాను. గోంగూరంటే ఏమిటన్నాడు. ఆంధ్రదేశంలో ఎవరికీ ఎదురుకాని ప్రశ్న ఇది. తడుముకుని "ఆకు సార్. పుల్లటి ఆకు" అన్నాను. కస్టమ్స్ వాళ్ల ముందు ఆకు అనే మాట అనకూడదని అప్పుడు తెలిసింది. ఆయన కళ్లు చిన్నవయ్యాయి. కంగారులో "తింటామండీ, కాల్చం" అని కూడా అన్నాను. చివరికి ప్యాకెట్టు మూల దగ్గర వాసన చూసి, తల వెనక్కి లాక్కుని, చేత్తోనే వెళ్లమన్నాడు.

బయట వసంతం మోకాలి లోతున ఉంది. తీసుకెళ్లడానికి వచ్చిన సీనియరు నా చొక్కా వంక చూసి ఏమీ అనలేదు. కారు డిక్కీలోంచి పాత జాకెట్టు తీసి ఇచ్చాడు. నాలాంటి వాళ్ల కోసమే పెట్టుకున్నాడట. టెంపరరీ అకామడేషన్ అంటే వాళ్ల హాల్లో కార్పెట్టు. అప్పటికే ముగ్గురున్నారు.

మూడు రోజులకి, జనవరి 6న, ఓహేర్ దగ్గర మైనస్ 16 నమోదైంది. ఆ తేదీకి అదే రికార్డు. పోలార్ వోర్టెక్స్ అన్నారు టీవీలో. ఎండ రికార్డుల ఊరి నుంచి వచ్చి చలి రికార్డులో పడ్డాను. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

"ఫారెన్‌హీటా?"

"ఆఁ."

"ఉండు. ముప్ఫై రెండు తీసెయ్. మైనస్ నలభై ఎనిమిది. ఇంటూ అయిదు, బై తొమ్మిది... మైనస్ ఇరవై ఆరు పాయింట్ ఆరు ఆరు ఆరు..." ఆరులు చాలాసేపు వచ్చాయి. తర్వాత నిశ్శబ్దం. తర్వాత అమ్మ గొంతు: "పచ్చడి వాడుతున్నావా?"

ఆ సాయంత్రం పప్పుకి పోపు పెట్టే పని నాకప్పజెప్పారు. నూనెలో మన ఎండుమిర్చి వేశాను. పల్నాడు మిరపకాయ మూకుట్లో మాడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నలుగురం ఒకేసారి దగ్గడం మొదలుపెట్టాం. అనుభవజ్ఞులు కాబట్టి హాల్లో స్మోక్ డిటెక్టర్‌కి ముందే ప్లాస్టిక్ కవరు తొడిగారు. అక్కడితో ఊరుకోవాల్సింది. మన ఇళ్లలో పొగొస్తే ఏం చేస్తాం? తలుపు తీస్తాం. తీశాను. పొగ వరండాలోకి వెళ్లింది. వరండాలో డిటెక్టర్‌కి కవరు లేదు. అది మోగితే బిల్డింగు మొత్తం మోగుతుంది.

నాలుగంతస్తుల జనం మంచులోకి దిగారు. ఒకాయన దుప్పట్లో పిల్లిని చుట్టుకొచ్చాడు. నేను సీనియరు జాకెట్టు, కింద లుంగీ, హవాయి చెప్పులు. మైనస్ 27కి దగ్గర్లో లుంగీలోకి గాలి ఎట్లా వస్తుందో వర్ణించను. ఇది కుటుంబ పత్రిక. పక్కన నిలబడ్డ పెద్దావిడ ఏ ఊరు బాబూ అనడిగింది. ఇండియాలో బాగా వేడిగా ఉండే ఊరన్నాను. "కాస్త వెంట తెచ్చుకోకపోయావా?" అంది. తెచ్చానండీ, పైన మూకుట్లో ఉంది అనబోయి, ఫైరింజను రావడం చూసి ఆగాను.

పైకెళ్లిన ఫైర్‌మన్ ముక్కు తుడుచుకుంటూ దిగాడు. ఏం చేస్తున్నారన్నాడు. పోపుని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు. గర్వంగా "టెంపరింగ్" అన్నాను. ఆయన చేతిలో మా ప్లాస్టిక్ కవరుంది. ఆయనకది ట్యాంపరింగ్ అని వినపడింది. ఆ తర్వాత పావుగంట సీనియరే మాట్లాడాడు.

స్వెట్టరు ఆగస్టులో వచ్చింది, ఫాల్ సెమిస్టర్‌కి వచ్చిన జూనియర్ కుర్రాడి పెట్టెలో. నేను బయల్దేరినప్పుడు ఒక్కటిగా ఉన్న రాష్ట్రం అప్పటికి రెండైంది. షికాగోలో చెమటలు కారుతున్నాయి. ఇప్పుడెందుకు పంపావమ్మా అని ఫోన్లో విసుక్కుంటూనే మడత విప్పాను. లోపల చేతుల్లో ఒకటి, వీపు భాగంలో ఒకటి, కంది పొడి సీసాలు.

"పగల్లేదు కదా?" అంది అమ్మ.